రెండు గీతల లెక్క

బడి వదిలిన సాయంత్రం. మేడ మీద లెక్కల సారు ఇల్లు. ఇంట్లో ఈమధ్యే కాపురానికొచ్చిన ఆయన భార్య, కింది వాటాలో ఉండే పదో తరగతి అమ్మాయి.

"నిజంగానా? నా మీద ఒట్టేసి చెప్పండి! మీ నోట్లో పంచదార పొయ్య, యాజమాన్యం వాళ్ళే పిలిచి చెప్పారా? అయ్యో, నేనిక్కడ గెంతుతున్నానండీ! చేతిలో గరిటె కూడా ఉంది. సరే, త్వరగా వచ్చెయ్యండి. ఆఁ, ఫోన్ పెట్టెయ్యండి. మీరే ముందు. ఊహూఁ, మీరే. సరే బాబూ, నేనే పెట్టేస్తున్నా!"

"అక్కా, నేను తర్వాత వస్తా."

"ఎక్కడికే! కూర్చో. విన్నావా, మీ లెక్కల సారు హెడ్‌మాస్టరయ్యారు! రేపటి నుంచే!"

"హెడ్‌మాస్టరా? అంటే, బడి మొత్తానికా?"

"మొత్తానికి! ఒకటో తరగతి బుడంకాయల దగ్గర్నుంచి మీదాకా. ఏంటే ఆ మొహం, ఆముదం తాగినట్టు?"

"ఏం లేదక్కా. సంతోషమే. సారు ఎప్పుడొస్తారు?"

"మీటింగట. చీకటిపడే వేళకి వస్తారు."

"అయితే ఈలోపు రెండు లెక్కలు చూస్తారా? బీజగణితం ఒకటి, త్రికోణమితి ఒకటి. రేపటికి కావాలి."

"నన్నెందుకే? ఆయన రాగానే ఆయన్నే అడుగుదువుగాని."

"వద్దక్కా!"

"అంత గట్టిగా అరుస్తావేం? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నీకు మేడ మీది చెట్టు కూడా పనికిరాలేదన్నమాట."

"మీరు చెబితే బాగా అర్థమవుతుందక్కా. అందుకే."

"ఆహా, కాకా పట్టడం బాగానే వచ్చు. ఇలా తే. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఏడు ఎక్స్ ప్లస్ పన్నెండు ఈక్వల్స్ సున్నా. ఓస్, ఇంతేనా? చూడగానే చెప్పొచ్చు. మూడు, నాలుగు."

"చూడగానే చెప్పకూడదక్కా. ముందు సూత్రం రాయాలి. ఏ, బీ, సీ విలువలు ఒకదాని కింద ఒకటి రాయాలి. ఒక్కటీ వదలకూడదు."

"మూడూ నాలుగూ కలిపితే ఏడు, గుణిస్తే పన్నెండు. కళ్ళముందు కూర్చుని నవ్వుతుంటే దానికి సూత్రమెందుకే?"

"రాయాలక్కా. ప్లీజ్."

"సరే తల్లీ, రాసుకో. రెండోది? అరె, ఇది మొన్న మనం చేసిందేగా! స్తంభం ఎత్తు కనుక్కోవాలి. దూరం నుంచి చూస్తే ముప్పై డిగ్రీలు, ఇరవై మీటర్లు దగ్గరికి నడిస్తే అరవై. మళ్ళీ ఎందుకిచ్చారు?"

"నాకొక్కదానికే ఇచ్చారు."

"ఎందుకని? ఎంత ముద్దుగా వచ్చింది ఆ రోజు! దగ్గర అరవై, దూరం ముప్పై, కాబట్టి పైన కొసలో కూడా ముప్పయ్యే. రెండు కోణాలు సమానమైతే రెండు భుజాలూ సమానం. మనం నడిచింది ఇరవై, ఏటవాలు గీతా ఇరవై. ఇరవై సైన్ అరవై. పది రూట్ మూడు. రెండు గీతల్లో అయిపోయింది! ఇద్దరం చప్పట్లు కూడా కొట్టుకున్నాం. జవాబు తప్పన్నారా?"

"జవాబు రైటే."

"మరి?"

"స్టెప్పులు లేవన్నారు."

"అదేం చోద్యం? అన్ని స్టెప్పులు అక్కర్లేకుండా చెయ్యడమే కదా దాని అందం. ఉండు, నేనడుగుతా ఆయన్ని."

"అడగొద్దక్కా, మీకు పుణ్యముంటుంది. సారు పద్ధతిలోనే చెప్పండి. రాసుకుంటా."

"సరే, రాయి. స్తంభం ఎత్తు హెచ్ అనుకుందాం. రాశావా? ఇదేం రాతే, కోడి కెలికినట్టు? అరె, ఎడం చేత్తో రాస్తున్నావేం?"

"అలవాటు చేసుకుంటున్నా."

"దేనికి?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా ఎడం చేత్తో రాస్తారా? కుడి చెయ్యి జేబులోంచి తియ్యి."

"తలుపు సందులో పడిందక్కా. చిన్నదే."

"తియ్యమన్నానా! అమ్మో... ఇవేం వేళ్ళే, ఇలా వాచిపోయాయి? నల్లగా... తలుపు సందులో పడితే మెటికల మీదే, నాలుగింటికీ ఒకే వరసలో పడుతుందా? ఎవరు కొట్టారు? మీ నాన్నేనా?"

"మా నాన్న నన్ను ఒక్క మాట కూడా అనడు."

"మరెవరు? ఇంట్లో చెప్పావా?"

"ఆటల పీరియడ్లో పడ్డానని చెప్పా."

"భలేదానివే! వాడెవడో చెప్పు. సారు రానీ, వాడి తోలు ఒలిచేస్తారు."

"సారుకి తెలుసక్కా."

"తెలుసా? తెలిసీ ఊరుకున్నారా?"

"స్టవ్ మీద పాలు పొంగుతున్నాయక్కా."

"పొంగనీ. చెప్పు."

"చెక్క స్కేలుంటుంది. నిలువుగా పట్టుకుంటారు. వదిలేసిన ఒక్కో స్టెప్పుకి ఒక్కోటి."

"ఎవరే?"

"పాలక్కా..."

"ఎవరే అంటుంటే!"

"మీరు అడగొద్దక్కా."

"ఆయన కాదు. ఆయనకి కోపమే రాదే. నిన్న కుక్కర్ ఆవిరి నా వేలికి తగిలితే పక్కన కూర్చుని ఎంతసేపు ఊదారో తెలుసా? చిన్నపిల్లకి ఊదినట్టు. ఆయన కాదు."

"సరే అక్కా. ఆయన కాదు."

"అలా అనకు!"

"మరెలా అననక్కా? కోపం రాదక్కా, నిజమే. కొట్టేటప్పుడు కూడా రాదు. మెల్లగా లెక్కపెడతారు. మేం ఒక్కో స్టెప్పు పేరూ గట్టిగా చెప్పాలి, అప్పుడు పడుతుంది."

"ఆ లెక్కకి... ఆయన పద్ధతిలో ఎన్ని స్టెప్పులు?"

"పన్నెండు."

"మనం రాసింది రెండు. అంటే..."

"లెక్క వెయ్యొద్దక్కా."

"నేనేగా నీకు నేర్పింది. నేనే. వద్దంటే కూడా కూర్చోబెట్టి, చూడవే ఎంత బాగుందో అని... ఇది నువ్వు చేసింది కాదని ఆయనకి తెలియలేదా?"

"తెలిసింది. ఎవరు నేర్పారో చెప్పు, ఇక్కడితో ఆపేస్తా అన్నారు."

"మరి నా పేరు చెప్పొచ్చుగా, పిచ్చిదానా! నన్నేం చేస్తారని?"

"మేం గంట కొట్టగానే ఇంటికొచ్చేస్తాం. మీరు ఈ ఇంట్లోనే ఉండాలిగా అక్కా. అయ్యో, ఏడవొద్దక్కా. సారు వచ్చే వేళయింది. కళ్ళు తుడుచుకోండి. ముందు ఈ లెక్క చెప్పండి."

"నువ్వు రాయొద్దు. ఆ పెన్ను ఇలా ఇవ్వు, నేను రాసిస్తా."

"మీ రాత సారు గుర్తుపట్టేస్తారు."

"గుర్తుపట్టనీ."

"అక్కా, మెట్ల మీద చెప్పుల చప్పుడు."

"ఏమోయ్! ఎక్కడున్నావ్? గుమ్మం దగ్గర గెంతుతూ ఎదురొస్తావనుకుంటే... ఏమిటీ మాడు వాసన?"

"పాలు పొంగాయండీ."

"పోనీలే, శుభం. ఓహో, ఈవిడ కూడా ఇక్కడే ఉందా! ఏమ్మా, ఆ లెక్క అయిందా?"

"అవుతోంది సార్."

"ఎడం చేత్తోనా? భేష్. మనిషికి పట్టుదలుండాలి. చూశావా, వీళ్ళని దారిలో పెట్టడం ఎంత తేలికో."

"చూశానండీ."

"ఏంటి, కళ్ళు అలా ఎర్రబడ్డాయి? పొగ పట్టిందా? ఇలా రా, ఊదుతా."

"వద్దండీ."

"సరేలే. రేపు పొద్దున్న అసెంబ్లీలో నన్ను అందరి ముందు కుర్చీలో కూర్చోబెడతారట. నువ్వూ రావాలి. బడి బడంతా చూడాలి నిన్ను. హెడ్‌మాస్టరు గారి భార్యవి, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పాలి సుమా!"

"వస్తానండీ. మాటలు రావు కానీ, ఒక లెక్క చేసి చూపిస్తాను."

"లెక్కా! బాగుందే. ఏం లెక్క?"

"ఈ స్తంభం లెక్కే. ఈ పిల్లకి నేర్పినట్టే, రెండు గీతల్లో. మీరు స్కేలు తీసుకురండి. పిల్లలందరి ముందు నేను చెయ్యి చాపుతాను, మీరు మెల్లగా పదీ లెక్కపెట్టండి."