చిన్నోడు ముట్టుకోవద్దన్న నట్టు

టర్బోనా? ఆ పాత బండికా? ఉండు, ముందు ఆ స్టూలు లాక్కుని కూర్చో. అది కాదు, దాని కాలు ఊగుతుంది, ఆ ఇనప స్టూలు. ఆఁ. వెల్డింగ్ నేనెప్పుడో మానేశానయ్యా, కళ్ళు పోయాయి. ఇప్పుడు మా అబ్బాయే చూసుకుంటున్నాడు, వాణ్ణి అడుగు, చేసిపెడతాడు. నన్ను మాత్రం అడక్కు. నా జన్మలో ఒక్క బండికే టర్బో గొట్టం అతికించాను, అదీ మీ ఇంటి బండికే. తెలీదా నీకు? మీ ఇంట్లో ఎందుకు చెప్తారులే. మీ తాత తమ్ముడున్నాడు చూడు, నీకు చిన్న తాత, ఆయన సంగతి. ఫొటో చూశావు కదా, షాపులో కౌంటరు వెనకాల పెట్టారు. అందులో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంటాడు. అలా పెట్టుకోమన్నది మీ తాతే. ఫొటో తీసేవాడు "చేతులు ముందుకి పెట్టండి సార్" అంటే, "వద్దు వద్దు, వెనక్కే బాగుంటుంది" అన్నాడు. నేను పక్కనే ఉన్నా.

వీధిలో అందరూ మీ తాతని పెద్దోడు, ఆయన్ని చిన్నోడు అనేవాళ్ళు. వాళ్ళ నాన్న పోతూ పోతూ పెద్దోడికి స్పేర్ పార్టుల షాపు, చిన్నోడికి ఆ కారు ఇచ్చిపోయాడు. కారంటే ఏదో అనుకునేవు, అప్పటికే ముసలిది. పెట్రోలు ఇంజిను, బరువైన ఒళ్ళు, వెనక కుడి తలుపు లోపలి నుంచి రాదు, బయట నుంచి గుంజాలి. చిన్నోడు దానితోనే బతికేవాడు. పొద్దున్నే కొండ మీది ఆసుపత్రికి నర్సుల్ని ఎక్కించుకుని వెళ్ళేవాడు, మందుల పెట్టెలు డిక్కీలో. సాయంత్రం మళ్ళీ దింపుకొచ్చేవాడు. కింద రోడ్డు మీద బాగానే పోయేది, కొండెక్కేసరికి దానికి ఆయాసం. ఆఖరి మలుపు దగ్గర ఇక నా వల్ల కాదన్నట్టు నిలబడిపోయేది. పాపం ఆ ఆడపిల్లలు దిగి నడిచేవాళ్ళు, ఖాళీ బండి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. వాళ్ళలో ఒకమ్మాయి, పొడుగ్గా ఉండేది, నోరు కాస్త జాస్తి. రోజూ దిగుతూ, "నువ్వు నెమ్మదిగా రా బాబూ, నేను పైకెళ్ళి నీకో మంచం సిద్ధం చేయిస్తాలే" అనేది. వీడు సిగ్గుతో చచ్చిపోయేవాడు. చచ్చిపోయేవాడు అంటాను గానీ, ఆ మాట కోసమే రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాడని నాకు తెలుసు.

ఒకరోజు ఇదిగో ఇక్కడే, ఈ గుమ్మంలోకి, గోనెసంచిలో ఏదో చుట్టి పట్టుకొచ్చాడు. పాత ఇనుము కొట్లో పడున్న డీజిలు వ్యాను టర్బో. "అన్నా, ఇంజిన్ వదిలే పొగే దీన్ని తిప్పుతుంది, ఇది తిరిగి ఇంజిన్‌కే గాలి ఊదుతుంది. ముసలిదానికి ఊపిరందిస్తే చాలు, కొండెక్కుతుంది" అన్నాడు. నేనన్నాను, ఒరే, దాని పిస్టన్లు మీ నాన్న కాలంవి, బద్దలవుతాయిరా అని. "బద్దలయ్యేంత ఊదనిస్తే కదా" అన్నాడు. అదీ వాడంటే. ఇప్పటి కుర్రాళ్ళలా ఎగిరిపోవాలని కాదయ్యా, నిన్ను అనట్లేదులే. ఆ నలుగురు ఆడపిల్లలూ దిగకుండా పైకి చేరాలి, అంతే వాడి ఆశ. దానికోసం ఎంత జాగ్రత్తపడ్డాడో. ఇంజిన్ విప్పి మందపాటి గాస్కెట్ వేశాడు, లోపల ఒత్తిడి తగ్గాలని. పెట్రోలు కాస్త ధారాళంగా పోయేలా మార్చాడు. స్పార్కు పడే టైమింగ్ కాస్త వెనక్కి జరిపాడు. పొగ గొట్టం నా చేత రెండుసార్లు కోయించి మళ్ళీ అతికించాడు, అతుకు నచ్చలేదని. నాకు ఒళ్ళు మండింది, అయినా చేశాను. ఇక టర్బో పక్కన ఒక కడ్డీ ఉంటుంది, దాని చివర నట్టు. ఆ నట్టు బిగించే కొద్దీ గాలి ఎక్కువ ఊదుతుంది. వాడు దాన్ని బాగా వదులుగా పెట్టి, కదిలితే తెలిసేలా నట్టు మీంచి కడ్డీ మీదికి పసుపు రంగుతో ఒకటే గీత గీశాడు. మీ తాతని పిలిచి మరీ చూపించాడు. "అన్నయ్యా, బండి నువ్వెప్పుడైనా తీసుకో, ఇది మాత్రం ముట్టుకోవద్దు." మీ తాత, "నాకెందుకురా నీ నట్లు" అన్నాడు.

ఎక్కింది. మొదటి రోజే ఎక్కింది. ఆఖరి మలుపు దగ్గర అందరూ అలవాటుకొద్దీ దిగడానికి సర్దుకుంటుంటే, వీడు ఆపకుండా పోనిచ్చాడట. ఆ పొడుగమ్మాయి పైకి చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదట. దిగాక, "రేపటి నుంచి నేను నిన్నేమని ఏడిపించాలి?" అందట. అది నాకు వచ్చి చెప్పాడు, చెప్పి ఇక్కడే గోడకి ఆనుకుని తనలో తనే నవ్వుకున్నాడు. వాళ్ళిద్దరికీ మాట కలిసింది. ఆ పిల్ల నాన్న వచ్చి పెళ్ళి మాట్లాడతానన్నాడు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. మీ తాతకి ఆలోచనలు మొదలయ్యాయి. ప్రతి పాత బండికీ ఇలా పెట్టిస్తే షాపు ఎక్కడికో పోతుందని. చిన్నోడు, "వద్దన్నయ్యా, ఒక్కో ఇంజిన్‌ది ఒక్కో ఒళ్ళు, అన్నిటికీ పడదు" అన్నాడు. వింటాడా? చిన్నోడు జ్వరంతో మంచం పట్టిన వారంలో, మీ తాత, పాత లారీలున్న కలప డిపో ఆయన్ని కారెక్కించుకుని కొండ మీదికి తీసుకెళ్ళాడు, చూపించడానికి. ఆయన పెదవి విరిచి, "ఇంతేనా? దీనికేనా ఇంత చెప్పావు?" అన్నాడట. మీ తాతకి తల తీసేసినట్టయింది. కిందికి దిగి, బానెట్ ఎత్తి, ఏదో చేసి, మళ్ళీ ఎక్కించాడట. ఈసారి బండి ఎగిరిందట. ఇదంతా నాకు డిపో డ్రైవరు చెప్పాడు, వాడూ ఆ బండిలోనే ఉన్నాడు. సరే, చూపించావు, సంతోషం. కిందికొచ్చాక ఆ నట్టు ఉన్నచోటికి తిప్పి పెట్టచ్చుగా? ఒక్క స్పానరు పని. మర్చిపోయాడో, పోనీలే బాగానే పోతోందిగా అనుకున్నాడో, దేవుడికే తెలియాలి.

చిన్నోడు లేచి, నీరసంగానే నర్సుల్ని ఎక్కించుకుని బయల్దేరాడు. బండి తెగ లాగుతోంది. అమ్మాయిలు నవ్వుతున్నారు. సగం కొండ ఎక్కాక రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు, గాలి ఎక్కువై లోపల పిస్టన్లు దెబ్బతింటున్న చప్పుడు. విన్నాడయ్యా. వినకపోవడమేంటి, ఆ ఇంజిన్ దగ్గినా తెలిసేది వాడికి. కానీ జ్వరం పడి లేచినవాడు, రెండు రోజులుగా చెవులు హోరుమంటున్నాయి, నా చెవులేలే అనుకున్నాడట. ఇదొక్కటే, నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. "నా చెవులే అనుకున్నానన్నా." మలుపు తిరుగుతుండగా పిస్టన్ కాలి చిల్లు పడింది. నూనె బయటికి తన్నింది, ఎర్రగా కాగి ఉన్న టర్బో మీద పడింది, భగ్గుమంది. ముగ్గురు దూకేశారు. వెనక కుడి పక్కన కూర్చున్నది ఆ పొడుగమ్మాయి. చెప్పాగా ఆ తలుపు సంగతి. ఆ పిల్ల ఎడమ తలుపు వైపు జరిగేలోపే అటు మంట కమ్మేసింది. చిన్నోడు దిగొచ్చి, కాగిపోయిన ఆ పిడి పట్టుకుని గుంజాడు. రాలేదు. రెండు చేతులతో గుంజాడు. వచ్చేదాకా వదల్లేదు. ఆ పిల్లకి ఏమీ కాలేదు. వీడి వేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి, మళ్ళీ తెరుచుకోలేదు. ఒక స్పానరు పట్టుకోలేని మెకానిక్ అయిపోయాడు.

కాలిపోయిన బండిని ఇక్కడికే తెచ్చి పడేశారు. కట్లు కట్టిన చేతులతో వచ్చి, వంగి చూశాడు. రంగంతా కాలిపోలేదు, కింది వైపు మిగిలింది. నట్టు మీది గీత ఒకచోట, కడ్డీ మీది గీత ఒకచోట. నన్ను చూడమన్నట్టు గడ్డంతో చూపించాడు. నేను ఊరుకున్నానా? షాపుకెళ్ళి నలుగురి ముందే అడిగాను. మీ తాత ఏమన్నాడో తెలుసా, "ఈ వెల్డింగోడి అతుకే ఊడింది, అది కప్పిపుచ్చుకోడానికి నా మీద పడుతున్నాడు." డ్రైవరుని పిలిస్తే, నేనేం చూడలేదన్నాడు, ఉద్యోగం పోతుందని. చాలాకాలం నా షెడ్డుకి బండి రాలేదు. అది పోనీ. చిన్నోడే నన్ను మోచేత్తో తట్టి, "ఊరుకో అన్నా, అన్నయ్యే చెప్తాడు. తనంతట తనే చెప్తాడు చూడు" అన్నాడు.

ఏం చెప్పాడు? ఆ పిల్ల నాన్న వచ్చాడు. కూతురి ప్రాణం కాపాడినవాడు, చేతులు ఎలా ఉంటే ఏంటి, నా పిల్ల వాడినే చేసుకుంటానంటోంది అన్నాడు. మీ తాత ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి, "నా తమ్ముడని దాచను, వాడికి పిచ్చి ప్రయోగాలు. నేను వద్దన్నా వినలేదు. రేపు మీ అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఇంకేం చేస్తాడో" అన్నాడు. ఆయన ఇక రాలేదు. పిల్లని వేరే ఊరి ఆసుపత్రికి మార్పించుకుని పోయాడు. తర్వాత మీ తాత తమ్ముణ్ణి షాపులో కూర్చోబెట్టాడు, వచ్చినవాళ్ళకి ఏ పార్టు ఏ అరలో ఉందో చెప్పడానికి. వీధంతా ఒకటే పొగడ్త. "అన్నంటే వాడు, పనికిరాని తమ్ముణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నాడు." చిన్నోడు వింటూ కూర్చునేవాడు. ఏళ్ళు. తల నెరిసేదాకా. అన్నయ్యే చెప్తాడని.

ఆఖరికి ఊపిరితిత్తులు పాడై మంచం మీద ఉన్నప్పుడు, నేను చూడ్డానికి వెళ్ళా. మీ తాత పక్కనే కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. చిన్నోడు మెల్లగా, "అన్నయ్యా, ఆ నట్టు ఎంత తిప్పావు? ఒక చుట్టా, రెండా?" అన్నాడు. దెప్పడానికి కాదయ్యా. ఆ ఇంజిన్ ఎంతదాకా ఓర్చుకుందో తెలుసుకోవాలని, అంతే. మీ తాత తలెత్తి, "ఏ నట్టురా?" అన్నాడు. నటిస్తే నేను పట్టేసేవాణ్ణి. నటన కాదు. నిజంగానే గుర్తులేదు. ఇప్పుడు నువ్వెళ్ళి అడిగినా అదే అంటాడు. చిన్నోడు కాసేపు ఆ మొహంలోకి చూశాడు, తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. బత్తాయి ఇస్తే తీసుకోలేదు.

ఏంటలా చూస్తావు? ఎండ మొహం మీద పడుతోంది, ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి.