గుర్రానికి పేరుంది

తన పదాతిదళం చరిత్ర రాసిన రిటైర్డు కల్నల్, ఆ పుస్తకం పట్టుకుని, సిపాయిల వారసుల కోసం ఊరూరా వాకబు చేస్తూ అరకు సంతలో పసుపు అమ్మే ఆమె దగ్గరికొచ్చాడు.

“రెండు ప్రపంచ యుద్ధాలూ ఇందులో ఉన్నాయమ్మా.”

“మొదటి యుద్ధంలో బస్రాలో పోయిన మా ముత్తాత ఏ పేజీలో ఉన్నాడు బాబూ?”

“ఇదిగో. ‘మేజరుగారు, ఆయన గుర్రం డైసీ, మరో నలభైమంది సిపాయిలు మరణించారు.’”

“గుర్రానికి పేరు కూడానా! గొప్ప జాతకం. నలభైమందిలో మా ముత్తాత ఎన్నోవోడు?”

“సిపాయిల పేర్లు రికార్డుల్లో దొరకలేదమ్మా.”

“ఇదిగో, నా మెడలో ఆయన పతకం. అంచు మీద పేరు సెక్కినారు, సదవండి. నూరేళ్ళ నుంచి మా కాడే ఉంది, ఎవులూ అడగనేదు.”

“కొర్రా సోంబ్రు.” కల్నల్ ఆ పేరు పుస్తకం అంచున రాసుకున్నాడు. “కొత్త ముద్రణలో ఈ పేరు వేస్తానమ్మా.”

“బేగి ఎయ్యండి బాబూ. మూడో యుద్ధమొచ్చిందంటే మీకు తీరికుండదు.”