నూట ఇరవై పోగుల టైరు

"చిన్నతాతా, నా రేసు సైకిల్ మల్ల పంచర్ అయింది. తక్కువ ధరల, ముండ్లు దిగని టైర్లు ఏవి తీస్కోవాలె?"

అబ్బ, ఇన్ని దినాలకు ఒక మంచి మాట అడిగినవ్ పో! రా, గా కుర్సీ ఇటు గుంజుకో. మాస్కు జర కిందికి దించు, నీ మాట నాకు సగమే వినవడ్తది. ఆఁ, వద్దు వద్దు, ఉంచుకో. మీ కాలేజీల మొన్న గూడ ఎవరికో కరోన వచ్చిందన్నవ్ గద. అసలు నువ్వు మాట్లాడుడెందుకు, నేను జెప్త విను. గీ సూరత్ భేస్తాన్‌ల సన్న టైర్ల సంగతి నాకంటె ఎక్కువ తెలిసినోడు ఉన్నడా? లేడు! నవ్వకు. చదివి తెలుసుకున్నది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. దెబ్బ నాకు తాకలే, అదే నా బాధ. మీ సరోజ చిన్నమ్మకు తాకింది.

సైకిల్ అంటె నాకు కొత్త కాదు, ఎర్కేనా. సిరిసిల్ల దిక్కుకెళ్లి నేను, మీ తాత, ఇద్దరం సూరత్ వచ్చిన కొత్తల సలాబత్‌పురాల చెరొక పాత సైకిల్ కొనుక్కున్నం. నాది తొంభై రూపాయలు. కాదు కాదు, తొంభై మీ తాతది. నాది నూట పది, డైనమో ఉండె దానికి. అప్పుడు టైరంటె గింత లావు. మొల మీదికెళ్లి పోయినా ఏం కాకపోవు. మీ తాత ఒకపారి నన్ను ముందట, బియ్యం మూటను ఎనక ఎక్కించుకొని ఉధనా దాంక తొక్కిండు, పాటలు పాడుకుంట. గప్పుడు బియ్యం... ఆఁ, ఆ కత మల్ల ఎప్పుడన్న చెప్త. నేను టైర్ల కాడికి రావాలె.

కరోన మొదటి యేడు. అన్నీ బందు వెట్టిన్రు గద. మీ చిన్నవ్వ, మా కొడుకు రమేశ్ మనూరికి పెండ్లికి పోయి ఆడనే ఇరుక్కున్రు. ఇంట్ల నేను, కోడలు సరోజ, దాని బిడ్డ చిన్ని. చిన్నికి మూడేండ్లు నిండలే. సరోజకు దవాఖానల నర్సు పని. దవాఖాన ఈడికెళ్లి ఎనిమిది కిలోమీటర్లు. బస్సు లేదు, రిక్షా లేదు. మొదలు రెండు దినాలు నడిచింది. కాళ్లు బూరెల తీర్గ ఉబ్బినయ్.

ఆడ ఒక డాక్టర్ సారు ఉండె, మన తెలుగాయినే, ఖమ్మం దిక్కు. ఆయిన దవాఖానలనే పండుకుంటుండె ఆ రోజులల్ల. "అమ్మా, నా సైకిల్ ఊకెనే పడున్నది, నువ్వు తీస్కపో" అన్నడట. పొద్దుగూకంగ సరోజ ఆ సైకిల్ మీద వచ్చింది సూడు, గల్లీ గల్లీ బయటికొచ్చి నిలవడ్డది! హ్యాండిల్ కిందికి వంగి, సీటు పైకి లేచి, టైర్లు నా బొటనేలంత. "ఏంది బిడ్డా, పొలంల నాటేసినట్టు వంగి తొక్కుతున్నవ్" అని నేను నవ్విన. "మామా, గాలి లెక్క పోతున్నది, ఇరవై ఐదు నిమిషాలల్ల వచ్చిన" అన్నది. దాని మొఖం అట్ల వెలుగుడు నేను పెండ్లిల గూడ సూడలే.

గని ఆ టైర్లు పాతయి, అరిగిపోయినయ్. నీకెర్కే గద, రైలు పట్టాల పొంటి ఎంత సర్కారు తుమ్మ ఉన్నదో. ఈడి గుజరాతోళ్లు గాండో బావళ్ అంటరు, పిచ్చి తుమ్మ అని. ఆ ముండ్లు గాలికి రోడ్డు మీదికి వస్తయ్. బట్ట నేసే సాంచెల ఖాతాల ముందట ఇనుప పుల్లలు, పిన్నులు వేరే. నాలుగో దినమే తుస్సుమన్నది. సరోజ గంట లేటు. ఆడ రాత్రి డూటీ చేసిన ఇంకో నర్సు పిల్ల, ఆ ప్లాస్టిక్ బట్టలు తొడుక్కొని, చెమటల నాని, ఈమె వచ్చేదాంక ఇప్పెటందుకు లేదు. పెద్ద సిస్టర్ సాఫ్ చెప్పిందట, "ఏడు గంటలకు ఈడ ఉండాలె, లేదంటె ఇక్కడి హాస్టల్లనే ఉండు, ఇంటికి పోవద్దు" అని.

ఇంటికి పోవద్దంటె ఎన్ని దినాలు? ఎవ్వలకెర్క! నెల గావచ్చు, నాలుగు నెలలు గావచ్చు. చిన్ని ఏమో పొద్దంత నా తోని మంచిగనే ఉంటది, సూర్యుడు దిగంగనే గడప కాడ కూసుంటది. తల్లి వచ్చి బయటనే తానం జేసి, బట్టలు ఉడుకునీళ్లల్ల ఏసి, అప్పుడు ఎత్తుకుంటుండె. ఆ జరసేపు కోసమే ఆ పోరి పొద్దంత బతుకుతుండె. నేనన్న, "సరోజా, నువ్వు ఫికర్ చెయ్యకు. టైర్ల సంగతి నాకిడిసిపెట్టు."

ఉధనా దిక్కు ఒక సైకిల్ దుకాణం, సగం షటర్ లేపి అమ్ముతున్నడు గుజరాతాయిన. నడుసుకుంట పోయిన. ఆయిన రెండు జతలు ముందటేసిండు. ఒకటి బరువుగ, మోటుగ, తొమ్మిది వందలకు ఒకటి. ఇంకొకటి సన్నగ, నున్నగ, చీర మడత పెట్టినట్టు మడిచి డబ్బల ఉన్నది, దానికి డబల్ కంటె ఎక్కువ. మోటుదాని అట్ట మీద అరవై అని ఉన్నది, మడతదాని మీద నూట ఇరవై. ఇదేంది అని అడిగిన. "కాకా, ఇంచ్ మే తార్" అన్నడు.

అంగుళానికి ఎన్ని పోగులు!

అరె, నాకు ఒళ్లు పులకరించింది బిడ్డా! టైరుల గూడ పోగులుంటయా? నలభై రెండేండ్లు సాంచెల మీద నేను చేసిన పనేంది? పోగులు లెక్కవెట్టుడు! సేట్లు భూతద్దం పెట్టి చూస్తుంటె, నేను వేలు రాసి చెప్తుంటి, ఇది ఇన్ని పోగుల బట్ట అని. పోగులు ఎక్కువుంటె బట్ట చిక్కన, చిక్కనుంటె గట్టి. గింతకంటె ఏం కావాలె? ఆ దుకాణపాయిన పాపం చెప్పిండు, "కాకా, అరవైది తీస్కో, దీని రబ్బరు మోటా, లోపల ముల్లును ఆపే పట్టీ ఉన్నది, నీ రోడ్డుకు ఇదే చల్తది" అని. నేనేమన్న? "సేట్, పోగుల సంగతి నాకు చెప్తవా?" అన్న. గట్లనే అన్న! చిన్ని పుట్టినరోజుకని దాపెట్టిన పైసలు గూడ కలిపి నూట ఇరవైది జత తెచ్చిన.

తెచ్చి ఊకున్ననా? గల్లీల అందరికి చూపెట్టిన. మూతికి తువ్వాల కట్టుకొని, దూరం దూరం నిలవడి, ఒక్కొక్కలకు చెప్పిన, "అంగుళానికి నూట ఇరవై పోగులు! ముల్లు కాదు, బరిసె దిగది" అని. సరోజ గూడ మురిసింది. "మా మామ సెలెక్షన్" అన్నది. నేనే తొడిగిన, నేనే గాలి కొట్టిన.

మూడో దినం.

పొద్దుగాల ఆరుంబావుకు ఎల్లింది. రెండు కిలోమీటర్లు గూడ పోలేదట, ముంగటి టైరు సప్పవడ్డది. పంచర్ దుకాణాలన్ని బందు. పంపు లేదు. రోడ్డు మీద కుక్క గూడ లేదు. ఫోన్ చెయ్యొచ్చు గద? చెయ్యలే. ఆ సైకిల్‌ను నూకుకుంట, ఆరు కిలోమీటర్లు నడిచి ఎనిమిది దాటినంక చేరింది. నాకు ఈ సంగతి ఏమెర్క? నేను ఈడ చిన్నికి ఉప్మా తినిపించుకుంట, పక్కింటాయినకు ఆ టైర్ల ముచ్చటే మల్ల చెప్తున్న.

ఆ మాపు సరోజ సైకిల్ నూకుకుంటనే వచ్చింది. గడపల నిలవడి, "మామా, రేపటికెళ్లి హాస్టల్ల ఉండుమన్నరు. బట్టలు సర్దుకుంట" అన్నది. ఏడ్వలే. చిన్ని రెండు చేతులు చాపుతున్నది, ఈమె తానం చెయ్యలే గద, ఎనకకు జరుగుతున్నది. పోరి ముందుకు, తల్లి ఎనకకు.

"ఒక్క దినం ఇయ్యి బిడ్డా, ఒక్కటే దినం" అన్న. నేను దానికి దండం పెట్టిన. కోడలికి మామ దండం పెట్టుడేందని అది గుంజుకున్నది. పెద్ద సిస్టర్‌కు ఫోన్ చేసి, "రేపొక్కరోజు చూడున్రి" అని బతిమిలాడింది.

నేను టైరు ఊడదీసి ఒళ్ల పెట్టుకొని కూసున్న. ముల్లు ఉన్నకాడ పోగులు అటిటు జరిగినయ్, తెగనన్న తెగలే! కత్తెర పెట్టి అంచు కోసి చూసిన. పోగులు తల ఎంటికల లెక్క. రబ్బరు పైన ఉల్లిపొరంత. అప్పుడు నాకు నా మీద నాకే గంత కోపమొచ్చింది సూడు! అరేయ్, ఒక అంగుళంల నూట ఇరవై పోగులు పట్టాల్నంటె పోగు సన్నగుండాలె గద! మలుమలు చీరల ఎన్ని పోగులుంటయ్, జంపఖానల ఎన్ని పోగులుంటయ్? ముల్లుకు ఏది ఆగుతది? జంపఖాన ఆగుతది! సాంచెల కాడ పదేండ్ల పోరన్ని అడిగినా చెప్తడు. ఎక్కువ పోగులది తేలికగ ఉరుకుతది, మెత్తగ పోతది, అది పోటీలకు పోయేటోళ్లకు. మనకు కావాల్సింది జంపఖాన. ఆ గుజరాతాయిన అదే చెప్పిండు, నేను నా పనితనం సూపెట్టుకున్న.

ఉరికిన! గా వయసుల, తువ్వాల మూతికి కట్టుకొని, పోలీసులు ఆపితె "దవాఖాన సైకిల్, దవాఖాన సైకిల్" అని ఒర్రుకుంట ఉరికిన. ఆయిన షటర్ దించుతున్నడు. రెండు టైర్లు ఆయిన చేతుల పెట్టి, "సేట్, మాఫ్ కరో, నీ మాట ఇనలే" అన్న. ఆయిన నవ్వలే, మంచోడు. మంచిగున్న రెండోదాన్ని వాపస్ తీస్కొని అరవైవి జత ఇచ్చిండు. ఇంకో మాట చెప్పిండు, ఇది నువ్వు రాసుకో: బ్రేకుకు, చక్రానికి నడుమ ఎంత సందున్నదో చూడుమన్నడు. డాక్టర్ సారు సైకిల్‌కు టైరు వెడల్పు ఇరవై ఐదు నంబరుండె, ఇరవై ఎనిమిది పడ్తది. జర లావైతె గాలి జర తక్కువ కొట్టినా నడుస్తది, గుంతల ట్యూబు చిట్లిపోదు. మడతవడే టైరు మనకొద్దు, అంచుల ఇనుప తీగ ఉన్నదే అగ్గువ. చిన్న పంపొకటి, సీటు కింద కట్టుకునేటందుకు ఒక ట్యూబు గూడ ఇచ్చిండు.

తెల్లారి సరోజ ఎల్లినంక నేను నీళ్లు గూడ తాగలే. ఏడుకు పది నిమిషాలుండంగ ఫోన్ మోగింది. "చేరిన మామా." అంతే, రెండు మాటలు. నేను చిన్నిని ఎత్తుకొని ఇల్లంత దుంకిన! కింద ఇంటోళ్లు కట్టె పెట్టి కొట్టిన్రు, మిద్దె కూలుతదేమోనని.

మాపు వచ్చినంక టైరు చూసిన. మూడు ముండ్లు, ఒక ఇనుప పుల్ల. పట్కారుతోని ఒక్కొక్కటి గుంజుతున్న, చెవి దగ్గర పెట్టి వింటున్న, గాలి చప్పుడు లేదు! పట్టీ కాడ ఆగిపోయినయ్. అట్ల రోజు మాపు చూసి తీసేస్తుంటి. ముల్లును అట్లనే ఉంచితె తొక్కంగ తొక్కంగ లోపలికి పోతది, నువ్వు గూడ రోజు చూసుకో. ఐదు నెలలు తొక్కింది. వానల గూడ. ఒక్కటే పంచర్, అది గూడ గాజు పెంకు. హాస్టల్ మాట మల్ల రాలే.

బస్సులు నడిచినంక సైకిల్ వాపస్ ఇయ్యటానికి నేనే పోయిన, తుడిచి, చైనుకు నూనె పెట్టి. డాక్టర్ సారు బయటికొచ్చి టైర్లు నొక్కి చూసిండు. "బాగ ఎంచినవ్ తాతా" అన్నడు. నేను సిగ్గుపడి, "ఇవి రెండోపారి ఎంచినయ్ సారూ, మొదలు నేను తెచ్చినవి ముంచినయ్ గద, అందుకే ఆ దినం మా కోడలు లేటయింది" అన్న.

ఆయిన నా మొఖం దిక్కు చూసిండు. "టైరా? పంచర్ అయిందని మాకు చెప్పలేదే. పొద్దుగాల మెలకువ రాలే, నిద్రవోయిన అన్నది. సిస్టర్ అందుకే గంత కోపానికొచ్చింది. పంచర్ అని చెప్తె ఏమన్న అనేటోళ్లమా?" అన్నడు.

నిద్రవోయిందట బిడ్డా! నాలుగింటికి లేచి, నాకు చాయ పెట్టి, చిన్నికి పాలు కాచి ఎల్లేది నిద్రవోయిందట. పంచర్ అంటె ఎవలు ఎంచిన టైరు అంటరు, మా మామ ఎంచిండు అని చెప్పాలె. ఆ మాట దాని నోట్లకెళ్లి రాలే. గల్లీల నేను కొట్టుకున్న డబ్బ అది విన్నది గద. అందరి ముందట బద్దకస్తురాలనిపించుకున్నది, బిడ్డను ఇడిసి ఉండుమంటె తలకాయ ఊపింది, నా పేరు మాత్రం తియ్యలే.

ఇంటికొచ్చి అడిగిన. "మీకెవలు చెప్పిన్రు మామా" అని అన్నం వడ్డించుకుంట లోపలికి పోయింది.

ఇగో, కండ్లు తుడుసుకుంటున్ననని ఏం అనుకోకు. నువ్వు అరవైవే తీస్కో, లోపల పట్టీ ఉన్నదా అని అడుగు, దుకాణపాయిన చెప్పింది విను. చల్లగుండు బిడ్డా. నీ సైకిల్ ఏ పొద్దూ నడుమ ఆగకుండ నిన్ను ఇంటికి తేవాలె. నువ్వు తప్పు చేసిననాడు, నీ మీద మాట పడనియ్యని మనిషి నీ ఇంట్ల ఒక్కరన్న ఉండాలె...