పూటకూళ్ల పేరిందేవి

పేరిందేవని ఒకావిడ ఉండేదంట, కిష్ణ రేవుకాడ. చిన్నతనంలోనే మొగుడు పోయాడు, ఉన్నదల్లా ఒక్క కూతురు. ఏం చేస్తుంది? రేవు దాటే బాటసారులకి కూడొండి పెట్టేది. పూటపూటకీ కూడు పెట్టుద్ది గనక పూటకూళ్లమ్మ. ఆ మాటలో తప్పేముంది చెప్పండి? ఎండనపడి వచ్చినోడు అరుగుమీద కూలబడి, పూటకూళ్లమ్మా, ఆకలే అంటే, ఆవిడకి కన్నబిడ్డ పిలిచినట్టే ఉండేదంట.

ఏమైందంటే, ఒక ఏడు భాగోతులోళ్లు వచ్చారు. వానాకాలం అనుకో, కిష్ణ పోటెత్తి పడవలు ఆగిపోయినయ్. అన్నాళ్లూ ఆవిడింట్లోనే తిన్నారు. వాళ్లలో గవరయ్యని హాస్యగాడికి జొరమొస్తే, పేరిందేవే జావ కాచి పోసి, నుదుటిమీద తడిగుడ్డేసి బతికించిందంట. నీళ్లు తీసినాక, పోయేముందు ఊళ్లో ఆట కట్టారు. ఆ గవరయ్యే ఆడేషం వేసుకుని, గరిటె పట్టుకుని, నడుం తిప్పుకుంటా వచ్చాడు. తోటి వేషగాడు ఎవతివే నువ్వంటే, పూటకూళ్లదాన్నండీ, పొద్దున కూడు పెడతా, రాత్రికి పక్కేస్తా అన్నాడంట. జనం నవ్వారు, పడీపడీ నవ్వారు. ఆడోళ్ల మధ్యన కూతురితో కూచున్న పేరిందేవి కూడా ముందు నవ్వింది, పాపం. పక్కోళ్లందరూ తనవైపు తిరిగి చూస్తే అప్పుడు తెలిసింది. తెల్లారి గవరయ్య మూట కట్టుకుంటుంటే దగ్గిరకెళ్లి, "నా చేతి జావ తాగి లేచావు గదా నాయనా, నీకు నేనేం చేశాను?" అనడిగింది. వాడు నొచ్చుకున్నాడు, నిజంగానే నొచ్చుకున్నాడు. "నిన్ననలేదమ్మా. పూటకూళ్లదంటే కతల్లో అంతే. మా గురువులకాడ్నించీ అంతే" అన్నాడు.

అంతే. అక్కడ్నించి పిలుపులో అమ్మ పోయింది, పూటకూళ్లది మిగిలింది. సంసారులు ఆ అరుగెక్కడం మానేశారు. ఎక్కినోళ్లు కూటికోసం ఎక్కలేదు. తలుపేసుకుంటే, కూడు పెట్టేదానికి తలుపెందుకే అని నవ్వేవోళ్లు. ఆఖరికి తమ్ముడొచ్చి, పిల్లని నా కూతురని చెప్పుకుంటా, నువ్వు మాత్రం మా గడప తొక్కొద్దన్నాడంట. ఆవిడ పిల్లకి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. "ఎవరన్నా అడిగితే మీ అమ్మ పోయిందని చెప్పు" అంది. పిల్ల ఏడుస్తా పడవెక్కింది. పేరిందేవి ఇంటికొచ్చి పొయ్యిలో నీళ్లు పోసిందంట. ఆ పొయ్యి మళ్లీ రాజలేదు, తనకోసమైనా రాజలేదు. కొన్నాళ్లకి వాసనొస్తే తలుపు పగలగొట్టారు.

ఊరూరోళ్లకీ కూడు పెట్టినావిడ ఆకలితో పోయిందయ్యా. ఇల్లు కిష్ణలో కలిసింది. మాటకి మాత్రం చావు లేదు. మా పేటలో ఆడోళ్లు కుళాయికాడ కొట్టుకుంటే, పూటకూళ్లదానా అని ఆ మాటే తిట్టుకుంటారు. అందులో కూడుందని ఒక్కతీ ఎరగదు.