మూడు తీగలాయన

వాద్యాలు బాగుచేసే దుకాణం. బల్ల మీద ఒక వయొలిన్. బల్లకు ఇటు దుకాణం మనిషి, అటు అతని బావమరిది. కచేరీకి ఇంకా మూడు గంటలుంది.

"మొత్తం కొయ్యొద్దు బావా. సగం చాలు."

"ఏం సగం?"

"సన్న తీగ. ఎవరికీ కనపడని చోట ఆకురాయితో ఒక్క రవ్వ గీకు. వాయిస్తుంటే ఏడో నిమిషంలో దానంతటదే తెగాలి."

"ఏడో నిమిషంలో. ఎనిమిదిలో తెగితే?"

"హాస్యాలొద్దు."

"హాస్యం కాదురా. ముప్ఫై ఏళ్లుగా తీగలు తెగకుండా చూడటమే నా పని. తెగేలా చెయ్యడం ఇదే మొదలు. కొలతలు అడగొద్దూ? ముందు కూర్చో."

"కూర్చోలేను."

"అయితే ఆ గిటారు మీద చెయ్యి తియ్యి. జిగురు ఇంకా ఆరలేదు."

"తీశాను, తీశాను. చేస్తావా చెయ్యవా?"

"ఎందుకో చెప్పు."

"ఎందుకేమిటి! జనం నన్నేమని పిలుస్తున్నారు?"

"మూడు తీగలాయన."

"మరి? నాలుగు తీగలూ బిగించుకుని వెళ్తే నేనెవర్ని? మొన్న మందుల షాపులో ఒకాయన నన్ను గుర్తుపట్టి భార్యకి చూపించాడు. తీగ తెగినా ఆపలేదే, ఆయనే ఈయన అని. నా పేరడగలేదు. అది ఏ పాటో అడగలేదు. తీగ గురించి మాత్రం పావుగంట మాట్లాడాడు."

"సంతోషమే కదా."

"సంతోషమే. ఎవరు కాదన్నారు? తీగ తెగిన ఆ వీడియో నలభై లక్షలమంది చూశారు బావా. అంతకుముందు నా కచేరీకి ఎంతమంది వచ్చేవాళ్లు?"

"పదకొండు మంది."

"అందులో ఒకడు హాలుకి తాళం వేసుకోడానికి వచ్చినవాడు."

"ఇద్దరం మేము. నేనూ, మీ అక్కా."

"అదీ సంగతి. ఇవాళ ఆరువందల కుర్చీలు, ఒక్కటి ఖాళీ లేదు. వాళ్లంతా దేనికొస్తున్నారు? తీగ తెగడం చూడ్డానికి. కచేరీ పెట్టినవాళ్లే అడిగారు. అది ఉండాలి అన్నారు."

"వాళ్లే అడిగారా?"

"అడిగారు."

"నోరు తెరిచి?"

"ఎలాగోలా అడిగారు! టైమెంత?"

"ఇప్పుడేగా ఫోనులో చూశావు."

"టైము చూడలేదు. అది... వేరే."

"ఏమిటో ఆ వేరే?"

"పొద్దున పెట్టిన వీడియో. మూడొందలమందే చూశారు. మూడొందలేమిటి బావా, మరీనూ! నిన్నటిది ఈపాటికి రెండువేలు దాటింది. వెలుతురు సరిగా పడలేదంటావా? నీలం చొక్కా వేసుకోవాల్సింది."

"ఏం వాయించావు?"

"నలభై సెకన్లు."

"ఎంతసేపని అడగలేదు. ఏం వాయించావని అడిగాను."

"ఆ పాటే. మొదలు."

"ఎప్పుడూ మొదలే. ఇంట్లోనైనా చివరిదాకా వెళ్తున్నావా?"

"నువ్వు తీగ సంగతి చూడు బావా."

"చూస్తున్నా. ఆ దీపం కాస్త ఇటు జరుపు. ఇంకొంచెం. ఆ, చాలు. ఆ ఓడలో వంటవాడు మళ్లీ రాశాడా?"

"ఎవరు? ఓ, అతనా. రాశాడు. ఆర్నెల్లైందట నేల చూసి. గిన్నెలు తోముతూ నా వీడియో పెట్టుకుంటాడట. నీళ్ల చప్పుడులో సగమే వినపడుతుందట, ఆ సగమే చాలంటాడు."

"ఆస్పత్రిలో నర్సు?"

"ఆవిడ వార్డులో ఒక ముసలాయన అది వింటేగానీ సూది వేయించుకోడట."

"చూశావా. ఎంత మంచి పని."

"అదే కదా బావా నా బాధ! అంతా చెడ్డే అయితే ఆ పేజీ ఎప్పుడో మూసి పారేసేవాణ్ణి. తెల్లారి లేస్తే ఓడలో వంటవాడు గుర్తొస్తాడు. వయొలిన్ తీస్తాను. తీసేలోపు ఫోను నిలబెడతాను. ఫోను నిలబెట్టాక ఇంక వాయించేది నేను కాదు, ఎవరో నీలం చొక్కా వాడు. గీకుతున్నావా?"

"గీకుతున్నానుగా. చప్పుడు వినపడట్లా?"

"ఎక్కువ గీకెయ్యకు. మొదటి నిమిషంలోనే తెగితే నవ్వులపాలవుతాను."

"నాన్నా! మామయ్య ఇక్కడే ఉన్నాడా? హమ్మయ్య."

"రా అమ్మడూ. ఉన్నాడు. ఇందాకట్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు."

"ఫోనెత్తవేం మామయ్యా? నా ఫోను తప్ప అందులో అన్నీ చూస్తావు."

"పని మీద ఉన్నామే. తర్వాత మాట్లాడదాం. నువ్వు హాలుకి వెళ్లు."

"వెళ్తాను. నీ పేజీ చూసుకునే ఉద్యోగం నాదేగా, రెండు మాటలు అడిగి వెళ్తాను. మొదటిది. ఆ పాత వీడియో కాస్త శుభ్రం చేసి ఇవాళ మళ్లీ పెడదామనుకుంటున్నా. తీగ తెగాక వీడియో తీస్తున్న అమ్మ చెయ్యి వణికింది కదా, ఆ వణుకు ఉండనిద్దాం, బావుంటుంది. కానీ చివర్లో బయట ఎవడో వెధవ హారన్ కొడతాడు చూడు..."

"ఆ హారన్ వాడు! నా చేతికి దొరకాలి వాడు."

"నీ ఒక్కడి చేతికేనా? ప్రతి పది కామెంట్లకీ ఒకటి వాణ్ణి తిట్టడానికే. అంత గొప్పగా ముగుస్తుంటే ఆ బొయ్యిబొయ్యిమనడం ఏమిటని. ఇప్పుడు దాన్నొక్కదాన్నే తీసేయొచ్చు నాన్నా, రెండు నిమిషాల పని."

"తియ్యకు."

"ఎందుకు?"

"మీ అమ్మ తీసింది. ఎలా తీసిందో అలాగే ఉండనీ."

"నాన్నా, అది హారన్. జ్ఞాపకం కాదు."

"ఉండనీ అన్నానా."

"సరే బాబూ, సరే. రెండోది. మామయ్యా, కచేరీవాళ్లకేం చెప్పను? మూడు రోజులైంది అడిగి."

"ఏం లేదులే. నేను చూసుకుంటా. నువ్వు పద."

"ఏమడిగారు అమ్మడూ?"

"నీకు చెప్పలేదా?"

"చెప్పాడు. తీగ తెగాలన్నారట."

"తీగా? ఏం తీగ? వాళ్లడిగింది పాట మొత్తం!"

"అమ్మడూ, ఊరుకో."

"ఇదిగో, చదువుతా విను నాన్నా. 'వీడియోలో పాట చివరికి వచ్చేసరికి తీగ తెగింది. ఆ తర్వాత మీరు మూడు తీగల మీద ముగించారు సరే, ఆ చోట అసలు పాటలో ఏముందో మాలో ఎవరికీ తెలీదు. ఈసారి నాలుగు తీగల మీదా చివరిదాకా వినాలని ఉంది. వాయిస్తారా?' అంతే. తెగాలని ఎవరూ అనలేదు. ఏం మామయ్యా? నాన్నతో ఏం చెప్పావు? ఆ ఆకురాయి ఏమిటి నాన్నా నీ చేతిలో?"

"మీ మామయ్యనే అడుగు."

"మామయ్యా?"

"టైమెంతైంది బావా?"

"మామయ్యా, తీగ నువ్వే కోయించుకుంటున్నావా?"

"సగమే."

"అయ్యో రామా!"

"ఏం చెయ్యమంటావే మరి? పరుగు నా వల్ల కాదు. చాలా? విన్నావా? సంతోషమా?"

"పరుగంటే చివర్లో వచ్చే ఆ వేగమేనా?"

"అదే. ఒక్క నిమిషం. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క నిమిషం మనుషుల ముందు శుభ్రంగా పలకలేదు. పదకొండు మంది ముందు తప్పితే పదకొండు మందీ ఇంటికెళ్లి అన్నం తిని మర్చిపోతారు. ఇవాళ ఆరువందల ఫోన్లు లేస్తాయి. నేను తప్పిన చోటు చూపించి, మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి, కింద నవ్వు బొమ్మలు పెడతారు. ఓడలో వంటవాడు కూడా చూస్తాడు. నేను పోయాక కూడా అది అక్కడే ఉంటుంది."

"ఇవాళ ఒక్కరోజు ఫోన్లు తియ్యొద్దని చెప్పమంటావా?"

"వద్దు! తియ్యకపోతే ఎలా?"

"చూశావా నాన్నా ఈయన సంగతి! తీస్తే భయం, తియ్యకపోతే దిగులు. ప్రతి కచేరీకీ ఇదే గోల. హాలు కూలిపోతే బావుణ్ణు, కరెంటు పోతే బావుణ్ణు, తీగ తెగితే బావుణ్ణు. గుర్తుందా, అమ్మ అచ్చం నీలాగే గొంతు పెట్టి అనేది మామయ్యా. పడీ పడీ నవ్వేవాళ్లం."

"మనం నవ్వేవాళ్లం. మీ అమ్మ నవ్వేది కాదు."

"ఏమిటి బావా?"

"ఏం లేదు. ఇదిగో, అయిపోయింది. తీసుకో."

"గీకావా? ఎక్కడ? నాకే కనపడట్లేదు. భలే చేశావు."

"కొత్త తీగ వేశాను. గీకలేదు."

"గీకలేదా! మరి ఇంతసేపూ ఆ చప్పుడేమిటి?"

"తీగలు ఆనే బ్రిడ్జి మీద గాడి గరుకుగా ఉంటే నున్నగా చేశాను. తెగకుండా."

"బావా! నిన్ను నమ్మి వచ్చానే! నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను నేను? ఇంకా మూడు గంటలు కూడా లేదు. ఇయ్యి, ఇలా ఇయ్యి. పెట్టె ఏది?"

"ఎక్కడికి?"

"ఇంకో దుకాణానికి. లేకపోతే నేనే గీక్కుంటా. గోళ్లు తీసుకునేది ఉంటే చాలు."

"వెళ్దువుగానీ. ఒక్క నిమిషం ఇది చూసి వెళ్లు."

"ఏమిటిది? పెన్సిళ్ల డబ్బా."

"తెరువు."

"తీగ ముక్క. పాతది. దేనిది?"

"ఆ రోజు తెగినదే. మర్నాడు నువ్వు కొత్త తీగ వేయించుకోడానికి వస్తే తీసి దాచాను. తెగిన తీగ చివర ఎలా ఉంటుంది? నీకు తెలుసుగా."

"చిట్లినట్టుంటుంది. అడ్డదిడ్డంగా."

"ఈ భూతద్దం పెట్టి చూడు."

"చిట్లే ఉంది. సగం... సగం చిట్లింది. ఇటు సగం..."

"చెప్పు."

"నున్నగా ఉంది బావా."

"నాన్నా, అంటే? ఎవరైనా కోశారా?"

"సగమే."

"నువ్వా? బావా, నువ్వా?"

"నేనైతే ఇంతకంటే శుభ్రంగా చేసేవాణ్ణి."

"మరెవరు? అప్పుడు నాకు శత్రువులు కూడా లేరు. పదకొండు మంది శ్రోతలున్నవాడికి శత్రువెవడుంటాడు?"

"ఆ ముందురోజు మా వంటింట్లో కూర్చుని ఏమన్నావో గుర్తు తెచ్చుకో. అన్నం ముట్టలేదు. ఏమన్నావు?"

"ఏమంటాను, ఎప్పుడూ అనేదే. హాలు కూలిపోతే బావుణ్ణు..."

"హాలు కూల్చడం ఆమె వల్ల కాదు. కరెంటు ఆమె చేతిలో లేదు. ఈ ఆకురాయి ఒక్కటే ఆమెకి అందింది."

"అమ్మా? నాన్నా, అమ్మ చేసిందా?"

"పోయేముందు, మంచం పట్టాక నాతో చెప్పింది. వాడితో అనకు, వాడికున్న గొప్ప అదొక్కటే అంది. అననని ఒట్టు వేశాను. ఇవాళ తప్పాను. ఎప్పుడో కలిసినప్పుడు చీవాట్లు పెడుతుందిలే, పడతాను."

"అక్క... అక్కా నా తీగ..."

"కూర్చో. ఇప్పుడైనా కూర్చో."

"అయితే అంతా అబద్ధమేగా బావా. దేవుడిచ్చిన ఒక్క క్షణం అనుకున్నాను. మందుల షాపాయన, నర్సు, ఆ వంటవాడు, అందరూ చూసింది ఆకురాయి పనే. నేను చేసిందేముంది?"

"తెగడం వరకే ఆకురాయి పని."

"ఆ తర్వాత?"

"తెగితే ఆపేసి దిగొచ్చేస్తాడు, తీగ తెగినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు అనుకుంది. ఆపేస్తావని ఆమెకెంత నమ్మకమంటే... అమ్మడూ, ఆ వీడియో పెట్టు. చివర."

"ఇదిగో. తీగ తెగింది. అమ్మ చెయ్యి వణికింది. మామయ్య ఒక్క క్షణం చూశాడు. మళ్లీ కమాను ఎత్తాడు..."

"చప్పుడు పెంచు. ఆ. వినపడిందా?"

"హారన్ నాన్నా. ఆ వెధవే."

"వెధవ కాదమ్మా, పాపం టాక్సీ అతను. తీగ తెగగానే మీ మామయ్యని ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చేద్దామని మీ అమ్మ ముందే మాట్లాడి హాలు గుమ్మం ముందు నిలబెట్టింది. అనుకున్న టైము దాటిపోతుంటే అతను కొడుతూనే ఉన్నాడు. నువ్వే దిగలేదురా."