ఆపమనేదాకా

మూకీ సినిమాల రోజుల్లో, ఇటలీలోని నేపుల్స్‌లో ఒక ఇంటి పెరట్లో, ఆరేసిన దుప్పట్ల మధ్య అప్పుడే షూటింగ్ ముగిసింది. సినిమా తీసేది భార్య, కెమెరా పిడి తిప్పేది భర్త. నటి నున్జియాటాతో సహా నటులంతా భోజనాలకు వెళ్లారు.

"ఫిల్మ్ మొత్తం అయిపోయిందా? నున్జియాటా ఏడుపు సీను అయ్యాక కూడా తిప్పుతూనే ఉన్నావా?"

"నువ్వు ఆపమనలేదుగా."

"దాని ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చి, ఆపమనడం మర్చిపోయాను. నీకు కళ్లు లేవా? అది కళ్లు తుడుచుకుని అంజూరపండు తింటుంటే, అదీ తీశావా?"

"తీశాను. వేళ్లు నాక్కోవడం కూడా తీశాను."

"బాగుంది సంబడం! ఫిల్మంతా దండగ."

"తిట్టు. ఆ తర్వాత ఒక మాట విను. పొద్దున డాన్ సవేరియో కబురు పెట్టాడు."

"ఆ సినిమా హాలు యజమానా? ఏమంటాడు?"

"దర్శకుడని నా పేరు వెయ్యాలట. ఆడదాని పేరు చూస్తే జనం రారట."

"వేసుకో. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరేగా."

"మనసులోంచే అంటున్నావా?"

"లేదు. కడుపు మండిపోతోంది. నువ్వేమన్నావు?"

"సరేనందామనే అనుకున్నా. కానీ ఇందాక ఆ పిల్ల పండు తింటోందని తెలుసు, ఫిల్మ్ దండగవుతోందనీ తెలుసు. అయినా నువ్వు చెప్పందే నా చెయ్యి ఆగలేదే! అలాంటివాణ్ణి, దర్శకుణ్ణని ఏ మొహంతో వేసుకోను? నీ పేరే ఉంటుందని చెప్పొస్తా."

"హాలు ఇవ్వనంటే?"

"ఊళ్లో ఇంకా బోలెడు హాళ్లున్నాయి. నువ్వు ఆపమనేదాకా తిరుగుతాను."