బెంచీల మధ్య పారిన ఏరు

కెనడాలోని వాటర్లూలో చక్రధర్ గారింట ఆదివారం భజన ముగిసి, ప్రసాదం పంచి, టీలు అందే వేళకి భరద్వాజ్ గొంతు సవరించుకున్నాడు. ఆయన మొదలుపెడితే టీ చల్లారినా ఎవరూ కదలరు. పైగా ఇవాళ ఆయనకి పనుంది. వచ్చే వారం హైస్కూల్లో, పాతకాలాన్ని కళ్లముందు చూపించే ఏఆర్ కళ్లద్దాలతో జరిగే హిస్టరీ ప్రదర్శనకి భజన పిల్లల్ని ఎవరు తీసుకెళ్లాలో పెద్దావిడ లక్ష్మీకాంతం గారు ఇప్పుడే తేల్చాలి. ఆ పెద్దరికం తనకే దక్కాలని ఆయన ఆశ.

“మొన్న మా తేజశ్రీ క్లాసుకి పేరెంట్స్‌ని పిలిచి ఏఆర్ కళ్లద్దాలు ఇచ్చారండీ. పెట్టుకుంటే బోర్డు బోర్డే, బెంచీలు బెంచీలే, వాటి మధ్యనుంచి రెండొందల ఏళ్లనాటి ఏరు పారుతుంది. రామచంద్రా, నా సాక్సులు తడిసినట్టే అయింది.”

“తడిసినట్టా, తడిశాయా?” అంది టీలు అందిస్తున్న వాసంతి.

“పిండుకున్నానమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బీవర్ తోళ్ల వ్యాపారుల పడవ టీచర్ టేబుల్ పక్కకొచ్చింది, పాపం చలికి వణికిపోతున్నారని నేనూ ఓ తెడ్డు అందుకున్నా, నాలుగు తోపులు తోశానో లేదో ఎదురుగా జలపాతం, అక్కడ అందరూ దిగి పడవ మోసుకుపోవాలట, దిగకండి నాయనా అని, మనుషులతో సహా పడవని భుజానికెత్తి, సంజీవని తెచ్చిన స్వామిని తలుచుకుని, ఆ నీళ్లలోనే పైకి నడిచా.”

“జలపాతంలో పైకా?” అన్నాడు చక్రధర్.

“నీళ్లకి కిందికి పనుంది, నాకు పైన పనుంది. పైన చూద్దును కదా, ఆకాశం అంచుదాకా బైసన్ల మంద, నేల ఊగిపోతోంది. కళ్లద్దాల్లోంచే దండకం అందుకున్నా. ఒక్కొక్కటే మోకాళ్లు మడిచి కూర్చుంది. వెనకవాటికి వినపడక, ముందువాటిని కాస్త సర్దుకోమన్నాయి.”

లక్ష్మీకాంతం గారి టీ కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఇక పిల్లలు తన వెంటే, అనుకున్నాడు భరద్వాజ్.

“డాడ్,” అంది తేజశ్రీ, ఫోన్లోంచి తలెత్తకుండా. “గ్లాసెస్ పెట్టగానే యూ క్లోజ్డ్ యువర్ ఐస్. తీసేదాకా తెరవలేదు. దండకం మాత్రం చదివావు, హోల్ క్లాస్ విన్నది.”

లక్ష్మీకాంతం గారు చేతులు జోడించారు.

“కళ్లు మూసుకునే ఇంత చూశావా నాయనా. ఇంక నీకు కళ్లద్దాలెందుకు? పిల్లల్ని తేజశ్రీ తీసుకెళ్తుంది. నువ్విక్కడే మా దగ్గర కూర్చుని, ఆ మంద లేచాక ఏమైందో చెప్పు.”